మనిషి అక్కరలేని పంట

మూసీ గడ్డి సంగతి తెలియనివాళ్ళకు ముందు దాని గురించి చెప్పాలి. ఒకసారి నాటితే చాలు, మళ్ళీ విత్తనం కొనేది లేదు. దున్నేది లేదు. కలుపు తీసేది అసలే లేదు, ఎందుకంటే అదే ఒక పెద్ద కలుపు. కణుపు తెగి ఎక్కడ పడితే అక్కడ వేరు దిగుతుంది. హైదరాబాద్ మొత్తం కడుక్కుని వదిలిన నీళ్ళు దానికి పడినట్టు ఇంకే పంటకూ పడవు. కోసిన నెలకల్లా మళ్ళీ నడుమెత్తు లేస్తుంది. ఒక మగమనిషి, ఒక కొడవలి, దురద పట్టకుండా పిక్కలకు రాసుకోవడానికి మెకానిక్ దుకాణంలో పారబోసే నల్లనూనె. అంతే వ్యవసాయం. బర్రెల తబేలాల వాళ్ళు ట్రాలీ ఆటో తెచ్చి మోపులు వాళ్ళే ఎత్తుకుపోతారు.

ఉప్పల్ దాటాక మూసీ వైపు దిగే నేలల్లో మేమందరం ఆ గడ్డే పెంచేవాళ్ళం. నా పొలం, రామస్వామి పొలం ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. అతని చిన్నాయన బిడ్డ సూర్యకళను నేను చేసుకున్నాను. అందుకని నేను అతనికి బావను, అతను నాకు బావ.

రామస్వామి తాతకు అక్కడ పన్నెండెకరాలు ఉండేవని చెప్పుకుంటారు. తాతకు నలుగురు కొడుకులు. కాబట్టి తండ్రి వాటాకు మూడెకరాలు వచ్చాయి. తండ్రి ఆరుగురిని కన్నాడు. నేల మాత్రం ఎవరినీ కనదు. రోడ్డు వెడల్పుకు కొంత పోయింది, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళకు, తండ్రి దవాఖానా ఖర్చులకు కొంత పోయింది, మధ్య అన్నదమ్ములు ఇద్దరు తమ వాటాలు ప్లాట్లకు ఇచ్చి బోడుప్పల్‌లో కిరాణా కొట్లు పెట్టుకున్నారు. చివరికి ఎకరానికి పది గుంటలు తక్కువగా, ముప్పై గుంటల ముక్క ఒకటి మిగిలింది. అది పెద్దవాడైన రామస్వామికి, అందరికన్నా చిన్నవాడైన దుర్గేష్‌కు ఉమ్మడి. దుర్గేష్ నాచారంలో ఒక దారం మిల్లులో చేసేవాడు కాబట్టి ముప్పై గుంటలూ రామస్వామి చేతికిందే ఉండేవి.

మూసీ ఇంత నల్లబడక ముందు ఆ మూడెకరాల్లో కూరగాయలు పండేవి. వంకాయ, బెండ, టమాట, కొత్తిమీర. తండ్రి తెల్లారకుండానే ఆరుగురు పిల్లలను మడుల్లో కూర్చోబెట్టేవాడు. రామస్వామిని అయిదో తరగతిలో ఉండగా ఒక్క పంట కలుపు తీసి మళ్ళీ బడికి పోదువులే అని తీసుకొచ్చాడు. ఆ పంట అయిపోలేదు. నాది ఏడో తరగతి. అప్పట్లో బడి మానిన పిల్లలందరి కథా ఒకటే కాబట్టి అది వేరుగా చెప్పే పని లేదు.

తర్వాత నీళ్ళు చెడ్డాయి, కూరగాయలు ఎర్రబారి చచ్చాయి, గడ్డి వచ్చింది. అందరూ ఏడ్చారు. రామస్వామి మాత్రం అప్పుడే పుట్టినవాడిలా తయారయ్యాడు. పొద్దున ఒక కోత, పది కాకముందే ఇంట్లో స్నానం, ఉప్పల్ చౌరస్తాలో చాయ్, మధ్యాహ్నం నిద్ర. భార్య శారదమ్మ పొలం ముఖం చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. బిడ్డలిద్దరూ పెళ్ళయి వెళ్ళిపోయారు. “మనిషి అక్కరలేని పంట బావా ఇది,” అనేవాడు నాతో, తానే కనిపెట్టినట్టు.

క్రికెట్ స్టేడియం కడుతున్న ఏడాది నాచారంలో ఆ దారం మిల్లు మూసేశారు. దుర్గేష్ భార్య రాణిని, ఇద్దరు పిల్లలను, ఒక కూలర్‌ను వెంటబెట్టుకుని అన్న ఇంటి వెనక గదిలోకి వచ్చి దిగాడు.

మొదట్లో దుర్గేష్ కొడవలి పట్టుకుని అన్న వెనకాలే గడ్డిలోకి దిగేవాడు. కానీ ఇద్దరు కోస్తే గడ్డి రెండింతలు పెరగదు కదా. ఎనిమిదింటికే పని తీరేది. తర్వాత అన్నదమ్ములిద్దరూ గట్టు మీద చెరో వైపు చూస్తూ కూర్చునేవారు.

“గడ్డికి ఇద్దరెందుకురా,” అన్నాడొక రోజు రామస్వామి. “ఒకడు గోసుడు, ఒకడు సూసుడా?”

అన్న చెప్పింది నిజం. ఆ ముప్పై గుంటల గడ్డి ఇద్దరు మనుషులను పోషిస్తుంది, ఆరుగురిని కాదు. పని కూడా ఒక్కడికే ఉంది, ఇద్దరికి లేదు. శారదమ్మ బియ్యం కొలిచేటప్పుడు డబ్బా చప్పుడు పెద్దగా చేయడం మొదలుపెట్టింది. ప్లాట్ల మనిషి ఒకడు మోటార్ సైకిల్ మీద వారానికోసారి వచ్చి, గట్టు మీదే నిలబడి, సగం సగం నాకొద్దు, ఇస్తే మొత్తం ఇవ్వండి అని చెప్పి పోయేవాడు.

రామస్వామి లెక్క సూటిగా ఉండేది. కొలిచి పంచుకుందాం. పదిహేను గుంటల గడ్డితో నువ్వు బతకలేవు, నేనూ బతకలేను. కాబట్టి ఇద్దరం ఆ ప్లాట్ల మనిషికే ఇచ్చేద్దాం. దుర్గేష్‌కు అది మింగుడు పడలేదు. మిల్లు మూసినప్పుడు చేతికొచ్చింది ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. నేల కూడా పైసలైతే అదీ పోతుంది. తర్వాత ఈ ఉప్పల్ చుట్టుపక్కల తనను ఎరిగినవాడంటూ ఎవడూ ఉండడు. ఆ మాట నాతోనే అన్నాడు, గట్టుకు అటుపక్క నిలబడి, గడ్డి పోచ నములుతూ.

రాణిది ఘట్‌కేసర్ అవతల ఒక పల్లె. వాళ్ళ పుట్టింట్లో పది గుంటలకు మించి నేల లేదు. ఆ పది గుంటల్లో ఆకుకూరలు పండించి ఏడుగురు తింటున్నారు. ఆమె ఆ ఇంట్లో పనిలోనే పెరిగింది. భర్త అన్నతో ఎదురు నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. చెప్పాల్సింది శారదమ్మతో చెప్పేది, శారదమ్మ రామస్వామితో చెప్పేది, అతను పక్కనే ఉండి వింటూనే ఉండేవాడు. ఒక సాయంత్రం ఆ పద్ధతిలోనే మాట జరిగింది. గడ్డి పీకి ఆకుకూరలు వేస్తామని, కాలువ చివరన తోకమడి దగ్గర పాత బావి ఉంది కదా, దాన్ని పూడిక తీసుకుంటామని, కాలువ నీళ్ళు ముట్టమని.

రామస్వామికి కోపం రావడం చాలా అరుదు. ఆ రోజు వచ్చింది. ఆకుకూర అంటే ఏందో తెలుసా అని అడిగాడు. మళ్ళీ ఇంటిల్లిపాదీ గొంతుక్కూర్చుని బతకడమా అన్నాడు. శారదమ్మను మడిలోకి దింపేది లేదని, తానైతే పాణం పోయినా మళ్ళీ కలుపుకు కూర్చోనని అన్నాడు. కాసేపటికి చల్లారి, నన్ను మధ్యలో పెట్టి ఒక షరతు చెప్పాడు. కాలువ చివరన ఉండే పది గుంటలు, తోకమడి, వాళ్ళకు. ఈ ఒక్క ఎండాకాలం. వానలు పడేదాకా వాళ్ళ పొయ్యి వాళ్ళు ముట్టించుకుంటే, ఉంటారు. మధ్యలో ఒక్క రోజైనా తన గిన్నెలోంచి తినాల్సివస్తే, నేల కొలిచి మొత్తం అమ్మేయాలి. అమ్మాక ఎవరి దారి వారిది.

దుర్గేష్ సరే అన్నాడు. రాణి లోపలినుంచి వింటోంది.

గడ్డిని పీకడం అంటే ఏమిటో గడ్డిని నాటినవాళ్ళకే తెలుసు. పైది కోస్తే లాభం లేదు. ప్రతి కణుపూ వేరుతో సహా రావాలి. ఒక్కటి మిగిలినా నెలలో మడి మొత్తం దానిదే. భార్యాభర్తలు పార, గునపం పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ తవ్వారు. తవ్విన వేళ్ళను ఎండబెట్టి కాల్చారు. తర్వాత నేలను చాపలంత చాపలంత మడులుగా చేసి, ఒకటి కోతకు వచ్చేసరికి ఇంకొకటి మొలకెత్తేట్టు రాణి వంతులవారీగా విత్తనం చల్లింది. పాలకూర, తోటకూర, చుక్కకూర, మెంతి, కొత్తిమీర.

అప్పుడు అసలు ఇబ్బంది మొదలైంది. నీళ్ళు, ఎరువు కాదు. చేతులు. ఆకుకూర పొద్దు ఎక్కకముందే కోయాలి, కడగాలి, నారతో కట్టలు కట్టాలి, దుర్గేష్ సైకిల్ మీద పెట్టుకుని నాచారం, హబ్సిగూడ కాలనీలు తిరగాలి. అతను తిరిగొచ్చేలోపు ఇంకో మడి కలుపు అడుగుతుంది, ఇంకో మడి నీళ్ళు అడుగుతుంది. దుర్గేష్ మొదటి పది రోజులు తల ఎత్తి ఎత్తి చూసేవాడు. ఏం చూస్తున్నావు అని సూర్యకళ అడిగింది. “సైరన్ ఎప్పుడు మోగుతదా అని,” అన్నాడు నవ్వకుండా.

ఇట్లాంటి పనికి పల్లెల్లో బదులు పోవడం అని ఒక పద్ధతి ఉంది. ఇవాళ నేను నీ చేనుకు వస్తాను, రేపు నువ్వు నా చేనుకు రావాలి. కూలి లేదు. రోజుకు రోజు. ఆ పద్ధతి మా దగ్గర ఎప్పుడో చచ్చిపోయింది. గడ్డి పండించేవాడికి ఎవరి చేతులూ అక్కర లేదు. అక్కర లేనివాడు ఎవరికీ బాకీ పడడు. కాబట్టి రాణికి ఒక్కరోజు బదులు రావాల్సిన ఇల్లు ఆ చుట్టుపక్కల ఒక్కటీ లేదు. తోటికోడలు శారదమ్మ అరుగు మీద కూర్చుని చూస్తుండేది. ఆమెకు మగని ఆన ఉంది.

ఒక పొద్దున రాణి మా గట్టు మీదికి వచ్చింది.

“అన్నా, నీ గడ్డి నేను గోస్త. పైసలు వద్దు. వదినెను నా కూరకు పంపు, రోజుకు రోజు.”

ఆడవాళ్ళు మూసీ గడ్డి కోయరు. ఆ నల్లనీళ్ళలో పిక్కల్లోతు నిలబడి కోయాలి. మగవాళ్ళ కాళ్ళే పుండ్లు పడతాయి. అదే చెప్పాను. ఆమె వింటూనే చీర ఎగదోపి, నా డబ్బాలోని నల్లనూనె తీసుకుని కాళ్ళకు రాసుకుంది. కొడవలి అడిగింది. నాకు నడుం నొప్పి. ఇంకొకరు కోస్తామంటే వద్దనే మనిషిని కాను.

మంచిగానే కోసింది. తర్వాత మా పక్క పొలం వాళ్ళ దగ్గర, ఆ పక్క వాళ్ళ దగ్గర కూడా. సాయంత్రం కాళ్ళకు పసుపు పట్టించుకుని కూర్చునేది, మళ్ళీ పొద్దున దిగేది. అట్లా నెల తిరక్కముందే నాలుగు గడ్డి ఇళ్ళ ఆడవాళ్ళు రాణికి రోజులు బాకీ పడ్డారు. బాకీ తీర్చడానికి వచ్చారు. సూర్యకళ కూడా వెళ్ళింది. ఏళ్ళ తరబడి ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఆడవాళ్ళు కదా, మొదటి రోజు మూలిగారు, రెండో రోజు మాట్లాడుకున్నారు, మూడో రోజునుంచి ఎవరి కట్ట గట్టిగా ఉంది, ఎవరిది వదులుగా ఉంది అని ఎగతాళి పట్టుకున్నారు. మా ఇంట్లో చాయ్ ఆలస్యం అవుతూ వచ్చింది. మా ఆవిడ వంటికి కొత్తిమీర వాసన.

“నీకేంది, ఆ పది గుంటల మీద వాటా రాసిస్తరా?” అని అడిగాను.

“నీ గడ్డి దగ్గర కూసుంటే నువ్వు రాసిస్తవా?” అంది.

దుర్గేష్ వాళ్ళ పొయ్యి వెలుగుతూనే ఉంది. ఎండలు ముదిరేకొద్దీ కాలనీల్లో ఆకుకూరకు గిరాకీ పెరిగింది. కాలనీ ఆడవాళ్ళు మొదట కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని మూసీ నీళ్ళా అని అడిగేవారు. బావి నీళ్ళమ్మా అని దుర్గేష్ పిల్లల మీద ఒట్టు వేసేవాడు. వానలకు ఇంకెన్నో రోజులు లేవు. వాళ్ళు నిలబడతారని మాకందరికీ అర్థమైపోయింది. రామస్వామికీ అర్థమైంది. చౌరస్తాలో చాయ్ నిలబడే తాగి వచ్చేసేవాడు.

రోహిణి కార్తెలో ఒక పొద్దున అతను తన గడ్డికి నీళ్ళు పెట్టాడు. గడ్డికి నీళ్ళు పెట్టడం అంటే పారతో కాలువకు అడ్డం వేసిన మట్టికట్టను, అంటే మడవను, తెంచి వదిలేయడమే. పై మడి నిండి కింది మడికి, అది నిండి తోకమడికి. తోకమడిలో నీళ్ళు తళతళ మెరిసే దాకా కడుపునిండా తాగనిచ్చి, మధ్యాహ్నం వచ్చి మడవ మూయాలి. గడ్డి వేసినప్పటినుంచీ అదే పద్ధతి; ఈ ఎండాకాలం మాత్రం కింది మడి నిండగానే మూసేస్తూ వచ్చాడు. ఆ రోజు పాత పద్ధతిలోనే తెంచి, చేతులు కడుక్కుని, దమ్మాయిగూడలో ఎవరిదో గృహప్రవేశం ఉందని శారదమ్మతో కలిసి బస్సెక్కి వెళ్ళిపోయాడు. దుర్గేష్, రాణి ఇద్దరూ ఆ రోజు హబ్సిగూడలో కూర అమ్ముతున్నారు. గట్ల మీద ముగ్గురు నలుగురం గడ్డివాళ్ళం ఉన్నాం. ఎవరికీ ఏమీ తట్టలేదు. పారే నీళ్ళను చూస్తే మాకు ప్రాణం లేచొస్తుంది గానీ అనుమానం రాదు.

తోకమడికి, గడ్డికి మధ్య దుర్గేష్ కట్టిన గట్టు చీలమండ ఎత్తు. బావి నీళ్ళకు అది చాలు. మూసీ నీళ్ళకు గంట కూడా ఆగలేదు.

వాళ్ళు వచ్చేసరికి మడులు లేవు. నల్లటి చెరువు ఉంది. కోతకొచ్చిన పాలకూర నీళ్ళ మీద పడుకుని ఉంది, దాని మీద నురగ. మొలకలు ఎక్కడున్నాయో కనబడలేదు. ఆ ఎండకు నీళ్ళు కాగి సాయంత్రానికి అంతా ఉడికిపోయింది. నాలుగు ఆకులు మిగిలి ఉన్నా ఏ కాలనీ గుమ్మంలోనూ వాటిని దింపనివ్వరు.

దుర్గేష్ మడవ మూసి, అన్న ఇంటి ముందుకు వెళ్ళి కూర్చున్నాడు. రామస్వామి గృహప్రవేశం భోజనం తిని, బొట్టు పెట్టించుకుని వచ్చాడు. తర్వాత జరిగిన దానిలో చాలావరకు అరుపులే. కావాలని వదిలావన్నాడు తమ్ముడు. మేము నిలబడుతున్నామని నీ కళ్ళు మండాయన్నాడు. రామస్వామి పారిపోలేదు, ప్రమాణాలూ చేయలేదు.

“ముప్పై ఏండ్ల సంది గట్లనే ఇడుస్తున్న,” అన్నాడు. “చెయ్యి దాని తొవ్వన అది పోయింది. తోకమడిల కూర ఉన్నదని చేతికి యాదికి లేకుండె.”

దుర్గేష్ నమ్మలేదు. నేను నమ్మాను. నమ్మినా నమ్మకపోయినా కూర రాదు. ఆ రాత్రి వాళ్ళ పొయ్యి వెలగలేదు. శారదమ్మ ఎవరూ అడగకముందే పిల్లలకు అన్నం పెట్టింది. అంటే షరతు ప్రకారం ఆట అయిపోయింది.

మరునాడు నలుగురం కూడాం. రామస్వామి చెప్పింది న్యాయంగానే ఉంది. తప్పు నాది, వానలు పడేదాకా ఆరుగురం ఒక్క గిన్నెలోనే తిందాం, తర్వాత కొలుద్దాం అన్నాడు. దుర్గేష్ అయితే తర్వాత దాకా ఎందుకు, ఇప్పుడే ఆ ప్లాట్ల మనిషికి ఫోన్ చేయి అన్నాడు. అతనికి నేల మీద ఆశ పోయింది. నలుగురూ తలలూపుతున్నారు. నేనూ ఊపాను. ఊపితే పోయేదేముంది.

అప్పుడు రాణి తలుపు దాటి బయటికి వచ్చింది. మధ్యలో శారదమ్మ లేకుండా, మొదటిసారి రామస్వామితోనే మాట్లాడింది.

“బావా, నా కూర పోతే పోయింది. అండ్ల ఉన్న రోజులు నాయి కావు. సూర్యకళ వదినెయి, ఆ నాలుగిండ్ల ఆడోళ్ళయి. ఆల్లు బదులుకొచ్చి పెంచిన్రు. మీ చేతులతోని పోయినయి, మీ చేతులతోనే రావాలె.”

“కూలోళ్ళను పెడ్తనమ్మా. ఎందరంటే అందరు.”

“బదులుకు కూలోళ్ళు నడ్వరు. ఇంటి మనిషే రావాలె. మీకు తెల్వదా?”

అతనికి తెలుసు. మిగతా అందరికన్నా ఎక్కువ తెలుసు. కూలి ఇచ్చి బదులు తీరుస్తానంటే అది అవతలి ఇంటిని అవమానించడం. చిన్నప్పుడు వాళ్ళ నాయన బదులుకు పంపిన ఇళ్ళు అతనికి ఇప్పటికీ గుర్తున్నాయి. ఇక మిగిలింది తానా, శారదమ్మా అన్నది. శారదమ్మ లేచి కొంగు బిగించుకోబోయింది. రామస్వామి ఆమెను చేత్తో ఆపాడు.

“నేనే వస్త,” అన్నాడు.

నీళ్ళు ఇంకి, మడులు పైన పగిలాయి. కానీ ఆ నీళ్ళు వట్టిగా రాలేదు. పై మడుల్లో కోసిన గడ్డి కణుపులను వేలకొద్దీ తెచ్చి తోకమడి నిండా నాటి పోయాయి. విత్తనం వేయాలంటే అవన్నీ ఒక్కొక్కటే తీయాలి. అయిదుగురు ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చున్నారు. చివరన రామస్వామి కూర్చున్నాడు, ఉతికిన బనీనుతో.

నేను గట్టు మీదినుంచి చూశాను. మొదట మోకాళ్ళు మడత పడలేదు. నేలను చేత్తో పట్టుకుని దిగాడు. తర్వాత వేళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి. రెండు వేళ్ళతో మొదలు పట్టుకోవడం, ఒక మెలిక, పైకి. మట్టి దులిపి ఎడమచేతి కిందికి. అడుగు జరగడం. మళ్ళీ రెండు వేళ్ళు. ఎండ ఎక్కేసరికి ఆడవాళ్ళ వరసను దాటి మడి అంత ముందుకు పోయాడు. అతను తీసిన చోట ఒక్క వేరు లేదు.

“అన్నా,” అంది సూర్యకళ, “గింత పని లోపల దాసుకొని ఇన్నేండ్లు చాయ్ తాగుకుంట తిరిగినవా?”

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు, తల ఎత్తలేదు. ఆ వేగం చూస్తే నాకు మెచ్చుకోబుద్ధి కాలేదు. దెబ్బ పడుతుందేమో అని పని చేసే పిల్లవాడి వేగం అది. వెనక నాయన నిలబడి ఉన్నట్టే జరుగుతున్నాడు.

మధ్యాహ్నం నా గట్టు మీద కూర్చుని సద్ది విప్పుకున్నాడు. తినలేదు.

“విత్తనం పడితే ఇరవై రోజులల్ల కూరొస్తది బావా,” అన్నాడు. “ఆల్లు నిలవడ్తరు. ఈ నేల తిండి పెట్టదని నేను ఎన్నడన్న అన్ననా? ముప్పై గుంటలు మొత్తం ఏస్తే పదిమందికి పెడ్తది. కానీ పదిమందిని కూసోవెట్టుకొని పెడ్తది. ఒక్కరు లేస్తే పెట్టదు.”

ఒప్పుకున్న రోజులన్నీ వచ్చాడు. ఒక్కటీ ఎగ్గొట్టలేదు. చివరి రోజు శారదమ్మ అన్నం గిన్నె తెచ్చి, తిరిగిపోకుండా రాణి పక్కన కూర్చుని మడిలో చేయి పెట్టింది. అతను చూశాడు గానీ ఈసారి ఆపలేదు.

వానలు పడ్డ వారానికి కూర వచ్చింది. దుర్గేష్ వాళ్ళ పొయ్యి మళ్ళీ వెలిగింది. కానీ మధ్యలో నెల రోజులు వాళ్ళు అన్న గిన్నెలో తిన్నారు. షరతు షరతే. రామస్వామి నన్ను పిలిచి, తమ్ముణ్ణి పిలిచాడంటే కొలతల టేపు తెప్పిస్తాడనే అనుకున్నాం. రాణి తలుపు వెనక నిలబడి ఉంది.

“పై ఇరవై గుంటలు గూడ నువ్వే చెయ్యి,” అన్నాడు తమ్ముడితో. “గడ్డి పీకేసెయ్. వేరుతోని పీకు, లేకుంటే నీ పాణం తీస్తది.”

దుర్గేష్‌కు అర్థం కాలేదు. “నువ్వెక్కడ చేస్తవే మరి?” అని అడిగాడు.

హబ్సిగూడలో కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా మాట్లాడుకున్నాడట. ఎల్లుండి నుంచే డ్యూటీ. మాలో ఎవరికీ చెప్పలేదు. దుర్గేష్ లేచి నిలబడ్డాడు. పెద్దోణ్ణి ఎల్లగొట్టిండని అందరు నా మొహం మీద ఉమ్ముతరు అన్నాడు. సగం గడ్డి ఉంచుకో, పై పది గుంటలు ఉంచుకో, నీ కోత నువ్వు కోసుకో అని బతిమాలాడు.

“నువ్వు ఎల్లగొట్టుడేంది. పది గుంటల గడ్డితోని నేనేం తినాలె? మీరు ఉండాలంటె మొత్తం కూర గావాలె. కూరకు పదిమంది గావాలె. అండ్ల నేనొకన్ని గావద్దు, గంతే.” కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “ఆడ కుర్సీ ఉంటది. కూసోవచ్చు.”

ఆ చలికాలానికి ముప్పై గుంటలూ ఆకుకూరలే. గడ్డి ఉన్నప్పటితో పోలిస్తే ఆ నేల ఎన్ని రెట్లు ఎక్కువ ఇస్తోందో చెప్పడం కష్టం, అంత ఎక్కువ ఇస్తోంది. దుర్గేష్, రాణి, శారదమ్మ, రాణి పుట్టింటినుంచి వచ్చిన ఆమె తమ్ముడూ మరదలూ, బదులుకు వచ్చే ఆడవాళ్ళు, ఎప్పుడు చూసినా మడుల్లో తలలు కనబడతాయి. ఒక్కొక్కరు తినేది మాత్రం ముందు తిన్నంతే. కాకపోతే అందరూ తింటున్నారు. పొద్దు పొడవకముందు వంగిన నడుములు పొద్దుగూకాక లేస్తాయి. మా ఇంట్లో సూర్యకళ నా పొలం వైపు వేలు చూపించి ఆ గడ్డి ఎప్పుడు పీకిస్తావని అడుగుతోంది. నేను వినబడనట్టు ఉంటున్నాను.

రామస్వామిది రాత్రి డ్యూటీ. తెల్లవారుతుండగా ఉప్పల్‌లో బస్సు దిగి, టిఫిన్ డబ్బా పట్టుకుని, ఖాకీ చొక్కాతో మా గట్టు వెంబడే ఇంటికి నడుస్తాడు. శారదమ్మ అదే వేళకు నార కట్ట చంకన పెట్టుకుని ఇంటినుంచి పొలానికి వస్తుంది. భార్యాభర్తలు ఒకరికొకరు ఎదురుపడేది అక్కడే. మొన్న నేను కొడవలి నూరుకుంటుంటే ఇద్దరూ నా ముందే ఆగారు.

“ఇయ్యాల ఎందరు?” అని అడిగాడు.

“తొమ్మిదిమందిమి. ఇంకొక్కరుంటె ఎండెక్కకముందే ఒడుస్తుండె,” అంది శారదమ్మ.

ఆమె ఆ మాట ఊరికే అంది. అతను మడుల వైపు ఒకసారి చూశాడు. డబ్బా ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. గట్టు ఇరుకు కదా, ఆమె పోవడానికి పక్కకు జరిగి దారి ఇచ్చి, ఇంటివైపు నడిచాడు.